అడవి సోయాకు పదేళ్ల గడువు ఇవ్వండి: సోయాబీన్ పరిశోధన పెద్దలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన భారత వ్యవసాయ పరిశోధనా మండలి పెద్దలకు, అఖిల భారత సమన్వయ సోయాబీన్ పరిశోధనా పథకంలో పనిచేస్తున్న శాస్త్రవేత్తలకు నమస్కారములు.

ఈ లేఖ ద్వారా మీ ముందుంచుతున్న వినతి ఒక్కటే. సాగు సోయాబీన్‌ను దాని అడవి బంధువులతో సంకరపరచి, పనికివచ్చే గుణాలను మన వంగడాల్లోకి తెచ్చే ప్రీ-బ్రీడింగ్ పనికి పదేళ్లకు తక్కువ కాని కాలపరిమితితో, మధ్యలో ఆగిపోని నిధులతో ఒక ప్రత్యేక కార్యక్రమం ప్రారంభించండి. అందులో మొట్టమొదటి లక్ష్యంగా విత్తనం మొలకశక్తిని పెట్టండి. దిగుబడి, నూనె శాతం, తెగుళ్లు అన్నీ ముఖ్యమే అయినా మొలకశక్తిని ముందు ఎందుకు పెట్టమంటున్నానో కొంత వివరంగా చెప్పుకోనివ్వండి.

నేను బెంగళూరులో పంటల ప్రజనన రంగంలో, అంటే సంకరాలతో కొత్త వంగడాలు రూపొందించే పనిలో, చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. మా బంధువుల్లో ఎక్కువమంది నిర్మల్ జిల్లా ముథోల్, భైంసా ప్రాంతాల నల్లరేగడి భూముల్లో ఏటా వానాకాలం సోయా వేస్తారు. అందువల్ల ఈ పంటను ప్రయోగశాల వైపు నుంచీ, చేను గట్టు మీద నుంచీ చూసే అవకాశం నాకు దొరికింది. లేఖను తెలుగులో రాయడానికి కారణం కూడా అదే. దీన్ని మీతోపాటు ఆ రైతులూ చదవాలి, ఇక్కడ యలహంక, హెబ్బాళ ప్రాంతాల పరిశోధనశాలల్లో పనిచేస్తున్న మన తెలుగు పిల్లలూ చదవాలి.

సోయా రైతుకు తొలకరికి ముందే మొదలయ్యే దిగులు విత్తనం గురించే. వరి విత్తనానికి ధ్రువీకరణలో 80 శాతం మొలక ఉండాలన్న నిబంధన ఉండగా, సోయాబీన్‌కు 70 శాతం ఉంటే చాలని మన ప్రమాణాలే ఒప్పుకున్నాయి. ఈ గింజ స్వభావం తెలిసే ఆ సడలింపు ఇచ్చారు. మా ఊళ్లో తెలిసిన రైతులు సంచి విప్పగానే నూరు గింజలు లెక్కపెట్టి, తడిపిన గోనెపట్టా మీద పది వరుసలుగా పరిచి, చుట్టి నీడలో ఉంచుతారు. అయిదో రోజున విప్పి చూస్తే కొన్ని గింజలు చక్కగా వేరు దించి ఉంటాయి. కొన్నింటికి వేరు సగంలోనే గోధుమ రంగుకు తిరిగి ఆగిపోయి ఉంటుంది. కొన్ని పప్పుబద్దలు అడ్డంగా పగిలి ఉంటాయి. మరికొన్ని వేలితో నొక్కితే జిగటగా నలిగిపోతాయి. ఈ చివరి మూడు రకాలూ కలిపి నలభై దాటితే ఎకరాకు 30 కిలోల సంచి సరిపోదు. మరో సంచి కొనాలి, అది కూడా అదే లాటులోదైతే ఫలితం మారదు. వాన పడి తేమ ఉన్న నాలుగైదు రోజుల్లో విత్తుకోవలసిన రైతుకు, మొలవని చేనును దున్ని మళ్లీ విత్తడమంటే ఆ ఏడాది పంటలో సగం పోగొట్టుకోవడమే.

దీనికి కారణం గింజ నిర్మాణంలోనే ఉంది. సోయా గింజ పైపొర చాలా పలుచన. మొక్కగా మారవలసిన పిండాక్షం ఆ పొర కిందే, దాదాపు ఉపరితలానికి ఆనుకొని ఉంటుంది. నూర్పిడి యంత్రం డ్రమ్ము నిమిషానికి 400 చుట్లకు మించి తిరిగితే, సంచులు లారీ మీద నుంచి జారవిడిస్తే, పైకి కనబడని దెబ్బ పిండానికి తగులుతుంది. గింజలో అయిదో వంతు దాకా నూనె ఉండడం వల్ల వేడి, తేమ కలిసిన గోదాముల్లో ఆ నూనె ఆక్సీకరణకు గురై కణపొరలు పాడవుతాయి. కోతకు వచ్చిన చేను మీద సెప్టెంబరు చివర, అక్టోబరులో వానలు కురిస్తే గింజ కాయలోనే ఉబ్బి, ఎండి, మళ్లీ ఉబ్బి చేనులోనే బలహీనపడుతుంది. డ్రమ్ము వేగం తగ్గించమని, సంచులు ఎత్తి పడేయవద్దని, గోదాములో చెక్కబల్లల మీద పేర్చమని చెప్పే సలహాలన్నీ మంచివే. వాటిని తప్పక పాటించాలి. అయితే గింజ పుట్టుకతోనే అంత సున్నితమైనదైనప్పుడు జాగ్రత్తల వల్ల జరిగే మేలుకు ఒక హద్దు ఉంటుంది.

ఈ సున్నితత్వం సోయాకు మొదటి నుంచీ లేదు. చైనా, కొరియా, జపాన్, రష్యా తూర్పు ప్రాంతాల్లో వాగు గట్ల మీద, పొదల మీద తీగలా అల్లుకునే గ్లైసిన్ సోజా అనే అడవి సోయా మన సాగు సోయాకు మూలపురుషుడు. దాని గింజ నల్లగా, చిన్నగా ఉంటుంది. నూరు గింజలు తూచితే ఒకటి నుంచి మూడు గ్రాములు తూగవచ్చు. మన సాగు రకాల నూరు గింజలు పదీ పన్నెండు గ్రాములకు తగ్గవు. ఆ నల్లగింజను నీళ్లలో వేసి రాత్రంతా ఉంచినా చాలాసార్లు వేసింది వేసినట్టే ఉంటుంది. పొర నీటిని లోపలికి రానివ్వదు. మొలిపించాలంటే బ్లేడుతో బొడ్డుకు అవతలి వైపు చిన్న గాటు పెట్టాలి. ఆ గాటు పెట్టిన మరుసటి రోజుకల్లా గింజ ఉబ్బి రెండింతలవుతుంది. నేలలో ఏళ్ల తరబడి చెడకుండా పడి ఉండి, ఒక్కో ఏడు కొన్ని చొప్పున మొలిచే ఏర్పాటు అది. సాగుచేసిన తొలినాటి రైతులకు అన్నీ ఒకేసారి మొలిచే గింజ కావాలి, వండితే మెత్తబడే గింజ కావాలి. అందుకని నీరు పీల్చే గింజలనే ఏరుకుంటూ వచ్చారు. 2015లో అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు ఈ మార్పుకు మూలమైన జన్యువును రెండో క్రోమోజోమ్ మీద పట్టుకున్నారు. జీఎంహెచ్ఎస్1-1 అని పేరుపెట్టిన ఆ జన్యువు డీఎన్ఏలో ఒకే ఒక్క అక్షరం మారడం వల్ల రాతిగింజ నీరు పీల్చే గింజగా మారిందని వారు చూపారు. గింజలోని కాల్షియం మోతాదుకు కూడా ఆ జన్యువుతో సంబంధం ఉంది.

పూర్తి రాతిగింజ రైతుకు పనికిరాదన్నది నిజం. చేనంతా నెల రోజుల పాటు విడతలు విడతలుగా మొలిస్తే కలుపు తీయడం, కోయడం రెండూ కష్టమే. మనకు కావలసింది ఈ రెండింటికీ నడుమ ఉన్న గింజ. అది గోదాములో గాలి తేమను తొందరగా పీల్చుకోకూడదు, దుక్కి తేమలో మాత్రం నాలుగు రోజుల్లో మొలవాలి. మధ్యప్రదేశ్‌లో పూర్వం వేసిన కాలీతూర్ అనే నల్లగింజ నాటురకం కోత వానలకు తట్టుకుని మొలకశక్తిని బాగా నిలుపుకొనేదని మన ప్రజనన శాస్త్రవేత్తలకు తెలిసిన విషయమే. అంటే అలాంటి గింజ అసాధ్యం కాదు. పొర గట్టిదనాన్ని నిర్ణయించే జన్యువులు ఒకటికి మించి ఉన్నాయి. అడవి సోయాలో వాటి రూపాంతరాలు రకరకాలుగా ఉంటాయి. వాటిలో ఏ కలయిక మన దక్కను వాతావరణానికి సరిపోతుందో సంకరాలు చేసి, వాటి సంతతిని మన గోదాముల్లో ఒక వేసవి నిల్వ ఉంచి, మన తొలకరిలో విత్తి చూస్తే తప్ప తేలదు. దీన్ని మరో దేశం మన కోసం చేసిపెట్టదు. చలి దేశాల్లో విత్తనం చల్లని గోదాముల్లో నిక్షేపంగా ఉంటుంది గనుక ఇది వారికి ఇంత పెద్ద సమస్య కాదు.

మొలకశక్తి ఒక ఉదాహరణ మాత్రమే. సాగులోకి వచ్చే క్రమంలో సోయాబీన్ పోగొట్టుకున్నది చాలా ఎక్కువ. 2006లో అమెరికా శాస్త్రవేత్తలు వందకు పైగా జన్యువులను అడవి సోయాలో, నాటురకాల్లో, ఆధునిక వంగడాల్లో పోల్చి చూసి, సాగుబడి మొదలైన దశలోనే జన్యు వైవిధ్యంలో దాదాపు సగం, అరుదైన రూపాంతరాల్లో 81 శాతం జారిపోయాయని లెక్కతేల్చారు. ఇక ఉత్తర అమెరికా వంగడాల్లోని జన్యుసంపదలో 95 శాతం కేవలం 35 మూలరకాల నుంచి వచ్చిందని వంశవృక్షాల పరిశీలనలో తేలింది. మన దేశంలో ఆధునిక సోయా సాగు 1960ల్లో జబల్‌పూర్, పంత్‌నగర్ విశ్వవిద్యాలయాలు ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంతో కలిసి చేసిన పనితో ఊపందుకుంది. కాబట్టి ఇరుకైన ఆ సంపదలో మళ్లీ ఒక పిడికెడే మనకు చేరింది. బ్రాగ్ అనే అమెరికా రకం మన వంగడాల వంశవృక్షాల్లో పదేపదే కనిపిస్తుంది. 1994లో విడుదలైన జేఎస్ 335 దశాబ్దాల పాటు దేశంలో సోయా చేలను ఏలింది. అది గొప్ప వంగడం. దాన్ని రూపొందించిన వారికి రైతులు రుణపడి ఉన్నారు. కానీ లక్షల హెక్టార్లు ఒకే వంగడం మీద, దానికి దగ్గరి చుట్టాల మీద ఆధారపడితే పల్లాకు తెగులో, తుప్పు తెగులో ఒక్కసారి దారి కనుక్కుంటే ఏమవుతుందో మీకు నేను చెప్పవలసిన పని లేదు. దాదాపు కోటీ 20 లక్షల హెక్టార్లలో వేస్తున్నా మన సగటు దిగుబడి హెక్టారుకు టన్ను చుట్టుపక్కలే తిరుగుతోంది. ప్రపంచ సగటు అందుకు రెండింతలకు మించి ఉంది. దీనికంతటికీ జన్యువులే కారణమని అనను. వానాధారం, తక్కువ కాల పరిమితి, నేలల తీరు కూడా ఉన్నాయి. అయినా ఎంచుకోవడానికి చేతిలో సరుకే తక్కువైనప్పుడు ఎంపిక ఎంత నేర్పుగా చేసినా ముందుకు సాగేది కొద్ది దూరమే.

అడవి సోయా నుంచి మేలు జరిగిన దాఖలాలు లేకపోలేదు. తెల్లదోమ వ్యాప్తిచేసే పల్లాకు తెగులును తట్టుకునే గుణాన్ని పంత్‌నగర్ శాస్త్రవేత్తలు గ్లైసిన్ సోజాలో గుర్తించి సంకరాల్లో వాడుకున్నారు. చౌడు నేలను తట్టుకునే ఒక జన్యువును హాంకాంగ్ చైనీస్ విశ్వవిద్యాలయ బృందం 2014లో డబ్ల్యూ05 అనే అడవి సోయాలో కనుగొంది. తుంగభద్ర ఆయకట్టు కింద చౌడు తేలిన పొలాలు ఎన్ని ఉన్నాయో తెలిసినవారికి దాని విలువ అర్థమవుతుంది.

మరి ఇంత మంచి సంపద ఉండగా ప్రజనన శాస్త్రవేత్తలు ఎందుకు వెనకాడతారంటే, అడవి మొక్కతో సంకరం చేస్తే మంచితో పాటు బోలెడంత చెడు కూడా వెంటవస్తుంది. తొలి తరం సంతతి తీగలా నేల మీద పాకుతుంది, కాయలు మధ్యాహ్నపు ఎండకు టపటప పగిలి గింజలు చిమ్మేస్తాయి, గింజ చిన్నదవుతుంది. 20వ క్రోమోజోమ్ మీద అడవి సోయా నుంచి వచ్చే ఒక భాగం మాంసకృత్తుల శాతాన్ని పెంచుతుందని 1992 నుంచీ తెలుసు. అదే భాగం నూనెను, గింజ పరిమాణాన్ని తగ్గిస్తుంది. ఒకే జన్యువు రెండు పనులు చేస్తుంటే ఎన్ని తరాలు సంకరం చేసినా వాటిని విడదీయలేం. అలా కాక చెడ్డ జన్యువు మంచి జన్యువుకు పక్కింటిదైతే, ఓపికగా వందల మొక్కలను మార్కర్లతో (డీఎన్ఏలోని గుర్తులతో) పరీక్షించి వాటి మధ్య తెగిన ఒక మొక్కను పట్టుకోవచ్చు. ఏది ఏదో తేలడానికే నాలుగైదేళ్లు పడుతుంది. 2003లో ప్రచురితమైన ఒక అమెరికా అధ్యయనంలో అడవి సోయా నుంచి వచ్చిన ఒక భాగం దిగుబడిని దాదాపు 9 శాతం పెంచింది. దాన్ని వేర్వేరు మేలు వంగడాల్లోకి మార్చి చూస్తే కొన్నింటిలోనే ఫలితం నిలిచింది. అడవి జన్యువు ఏ ఇంట్లో అడుగుపెడుతుందన్నదాన్ని బట్టి దాని నడత ఉంటుందన్నమాట. కనుక ఇల్లినాయ్‌లోనో, బీజింగ్‌లోనో పనిచేసిన జన్యువు ముథోల్ నల్లరేగడిలో, బెళగావి ఎర్రనేలలో పనిచేస్తుందని ఎదురుచూడడం కంటే మన వంగడాల్లో మనమే చూసుకోవడం మేలు.

ఈ పనికి బెంగళూరు ఎంతో అనువైన చోటు. 13 డిగ్రీల అక్షాంశం మీద, సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తున ఉన్న ఈ ఊళ్లో ఏడాది పొడవునా సోయా పెంచవచ్చు, రెండు మూడు తరాలు తీయవచ్చు. ఒక చిక్కు మాత్రం ఉంది. సోయా పగటి నిడివిని బట్టి పూసే మొక్క. ఇక్కడ అతి పెద్ద పగలు కూడా 13 గంటలు దాటదు. వేసవిలో 15 గంటల పగలుకు అలవాటుపడ్డ ఉత్తర చైనా అడవి సోయాను ఇక్కడ విత్తితే జానెడు కూడా ఎదగకుండానే పూతకు వచ్చేస్తుంది. నాలుగు పూలు పూసి, రెండు కాయలు కాసి, పక్కనున్న సాగు రకం మొగ్గ తొడిగే వేళకు ఎండిపోతుంది. సాయంత్రం పూట మరో రెండు మూడు గంటలు దీపాలు వెలిగించి పగటిని పొడిగిస్తే తీగ నిలువెత్తు కర్ర దాటి పెరుగుతుంది, మనకు కావలసినప్పుడు దీపాలు ఆపి పూయించుకోవచ్చు. ఇక సంకరం చేసే పని పూర్తిగా చేతిపని. మర్నాడు విచ్చుకోబోయే మొగ్గను ఎంచి, రక్షకపత్రాలను, ఆకర్షణ పత్రాలను సన్నని పట్టకారుతో ఒలిచి, కీలాగ్రం చుట్టూ వలయంగా ఉన్న కేసరాలను దానికి గీరుకోకుండా తీసి, అడవి మొక్క నుంచి తెచ్చిన పువ్వులోని పుప్పొడిని తాకించాలి. పువ్వంతా కలిపి చిటికెన వేలి గోరంత ఉండదు. చేసిన వాటిలో చాలా భాగం రాలిపోతాయి, నిలిచిన కాయలో ఒకటో రెండో గింజలు ఉంటాయి. ఈ పనిలో చేయి తిరిగిన మనుషులు తయారుకావడానికే రెండు మూడేళ్లు పడుతుంది. మూడేళ్ల ప్రాజెక్టు ముగిసి తాత్కాలిక ఉద్యోగం పోగానే ఆ మనిషి వెళ్లిపోతే, ఆ నేర్పు కూడా వెళ్లిపోతుంది.

నా వినతికి మూలం ఇక్కడే ఉంది. సంకరం, మొదటి తరం, సంతతిని మళ్లీ సాగు వంగడంతో కలిపే బ్యాక్‌క్రాస్‌లు రెండు మూడు, ఆపైన స్థిరపరచడం, వేసవి నిల్వ తర్వాత మొలక పరీక్షలు, కనీసం మూడు వానాకాలాలు వేర్వేరు చోట్ల పరీక్షలు. ఎంత వేగంగా చేసినా తొమ్మిది, పదేళ్ల పని ఇది. మన నిధుల పద్ధతి మూడేళ్లకోసారి ఫలితం అడుగుతుంది. మూడో ఏట అడవి సోయా పరిశోధకుడి చేతిలో ఉండేది పాకుతూ, కాయలు చిమ్మే మొక్కల గుంపు. పక్క గదిలో రెండు మేలు వంగడాలను కలిపినవారి చేతిలో అప్పటికే పరీక్షకు సిద్ధమైన వరుసలు (గుణాలు స్థిరపడిన సంతతులు) ఉంటాయి. పదోన్నతి లెక్కల్లో విడుదలైన వంగడానికి ఉన్న బరువు, జాతీయ జన్యుబ్యాంకులో నమోదైన ప్రీ-బ్రీడింగ్ వరుసకు ఉండదు. ఇలాంటప్పుడు తెలివైన యువ శాస్త్రవేత్త ఏ దారి ఎంచుకుంటాడో ఊహించడం కష్టం కాదు, అందుకు అతన్ని తప్పుపట్టడమూ న్యాయం కాదు. నమోదైన వరుసను మరొకరు తీసుకుని వంగడం తయారుచేస్తే ఆ వంగడంలో మొదటి వ్యక్తికి కూడా పేరు, మార్కులు దక్కే నియమం పెట్టండి. దీనికి అదనంగా ఒక్క రూపాయి కూడా ఖర్చు కాదు.

ఓపికకు ఫలితం ఉంటుందని మన దక్షిణాదిలోనే రుజువైంది. 1912లో కోయంబత్తూరులో చెరకు ప్రజనన కేంద్రం పెట్టినప్పుడు శాస్త్రవేత్త బార్బర్, ఆయన వెంట వెంకట్రామన్ చేసిన సాహసం మన వాగుల వెంట పెరిగే రెల్లుగడ్డిని మేలుజాతి చెరకుతో సంకరపరచడం. తీపి లేని, పిప్పి తప్ప రసం లేని గడ్డిని చెరకులో కలపడమేమిటని అనుకోవడానికి అప్పట్లో అన్ని కారణాలూ ఉన్నాయి. 1918లో ఆ సంకరం నుంచి కో 205 వచ్చింది, ఉత్తరాది చెరకు సాగు తీరు మారింది. ఇవాళ ప్రపంచంలో వాణిజ్యపరంగా సాగవుతున్న దాదాపు ప్రతి చెరకు వంగడంలోనూ రెల్లు జన్యువులు ఉన్నాయి. మన పటాన్‌చెరులో ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు అడవి కంది సాయంతో మగవంధ్యత్వం (పనికివచ్చే పుప్పొడి రాని గుణం) తెచ్చి హైబ్రిడ్ కందిని తయారుచేసిందీ ఈ దారిలోనే.

విత్తనం తెప్పించుకోవడంలో ఉన్న ఇబ్బందిని కూడా మీ దృష్టికి తేవాలి. వరి, గోధుమ, కంది వంటి పంటల జన్యుసంపదను దేశాల మధ్య సులువుగా పంచుకునేందుకు 2001లో కుదిరిన అంతర్జాతీయ ఒడంబడికలోని పంటల జాబితాలో సోయాబీన్ లేదు. చైనా తన అడవి సోయాను రక్షిత మొక్కగా ప్రకటించుకుంది. అమెరికాలోని అర్బానా జన్యుబ్యాంకులో 20 వేలకు పైగా సోయా నమూనాలున్నాయి, వాటిలో అడవి సోయావీ ఉన్నాయి. జపాన్, కొరియా బ్యాంకుల్లోనూ ఉన్నాయి. ప్రతి శాస్త్రవేత్తా విడివిడిగా పది నమూనాల కోసం ఉత్తరాలు రాసే బదులు, మండలి తరఫున ప్రభుత్వ స్థాయిలో ఒప్పందం చేసుకుని, ముఖ్యంగా అడవి సోయా విస్తరణకు దక్షిణపు అంచున దొరికిన నమూనాలను తెప్పించాలి. అవి మన పగటి నిడివికి ఉత్తరాది వాటికంటే దగ్గరగా ఉంటాయి. క్వారంటైన్ పూర్తయ్యాక వాటిని జాతీయ సోయాబీన్ పరిశోధనా సంస్థ ఉన్న ఇండోర్‌తో పాటు ఆదిలాబాద్, ధార్వాడ, బెంగళూరు, పుణె కేంద్రాలకు కూడా పంచాలి.

ఆస్ట్రేలియా చుట్టుపక్కల పెరిగే బహువార్షిక గ్లైసిన్ జాతుల గురించి ఇక్కడ ఎక్కువ రాయడం లేదు. తుప్పు తెగులుకు, నులిపురుగుకు వాటిలో గట్టి నిరోధకత ఉంది. కానీ వాటితో సంకరం చేస్తే పిండాన్ని కాయలోంచి తీసి గాజు గొట్టంలో పెంచవలసి ఉంటుంది. అది రెండో దశలో చేపట్టవచ్చు.

అడవి మొక్కలెందుకు, జన్యు సవరణ ఉంది కదా అని కొందరు అడుగుతారు. 2022లో కేంద్రం కొన్ని రకాల జన్యు సవరణలకు నిబంధనలు సడలించింది, దాన్ని నేను మనస్ఫూర్తిగా స్వాగతిస్తాను. అయితే సవరించడానికి ముందు ఏ అక్షరాన్ని ఎలా మార్చాలో తెలియాలి. ఆ సంగతి చెప్పేది అడవి సోయా, నాటురకాల వైవిధ్యమే. జీఎంహెచ్ఎస్1-1 ఉదాహరణే చూడండి. అడవి గింజను, సాగు గింజను పక్కపక్కన పెట్టి పోల్చకపోతే ఆ అక్షరం ఎవరికీ దొరికేది కాదు. పైగా మనదేశంలో జన్యుమార్పిడి సోయా, అంటే వేరే జీవి జన్యువును చొప్పించిన సోయా, సాగుకు అనుమతి లేదు. మామూలు సంకరంతో వచ్చే వంగడానికి ఆ అడ్డంకి ఉండదు. కందిలోని ఒక జన్యువును 2016లో బ్రిటన్, బ్రెజిల్, అమెరికా శాస్త్రవేత్తలు సోయాలోకి మార్చి తుప్పు తెగులును నిలువరించగలిగారు. మన ఇంటి పంట జన్యువు అది. అయినా జన్యుమార్పిడితో వచ్చింది గనుక ఈనాటికి అది మన రైతు చేనులోకి రాదు.

చివరగా అమలు గురించి. వచ్చే ఆర్థిక సంవత్సరపు ప్రతిపాదనల్లో ఈ కార్యక్రమానికి చోటు దక్కితే, విత్తన దిగుమతి ముగిసేలోగా దీపాలున్న రెండు షేడ్‌నెట్‌లు సిద్ధం చేసుకోవచ్చు. ఇప్పటికే దేశంలో ఉన్న అడవి సోయా నమూనాలతో, కాలీతూర్‌తో, జేఎస్ 335తో, ఆదిలాబాద్‌లో రూపొందిన బాసర వంగడంతో తొలి సంకరాలు ఆ వానాకాలంలోనే మొదలుపెట్టవచ్చు. సంకరాలు చేయడంలో యువకులకు శిక్షణ ఇవ్వడానికి బెంగళూరులో అనుభవం ఉన్న తెలుగు, కన్నడ ప్రజనన శాస్త్రవేత్తలు కొందరు జీతం ఆశించకుండా ముందుకు వస్తామని నాతో అన్నారు. వారిలో నన్ను కూడా ఒకడిగా లెక్కించండి. నిల్వ పరీక్షలకు మాత్రం ఏసీ గదులు వద్దు. ముథోల్ ప్రాంతంలో రైతులు నిజంగా విత్తనం దాచుకునే రేకుల కొట్టాల్లోనే, మార్చి నుంచి జూన్ దాకా, గోనెసంచుల్లో ఉంచి చూడాలి. అక్కడ జూన్ రెండో వారంలో నూటికి 80 మొలిచిన వరుసనే తర్వాతి దశకు పంపాలి.

భవదీయుడు,
బెంగళూరులోని ఒక తెలుగు పంటల ప్రజనన పరిశోధకుడు